వార్తలా, స్టేషన్ ప్రకటనలా: లిజనింగ్‌కు ఏది మేలు?

హన్మకొండ చుట్టుపక్కల ఇంగ్లిషు చెప్పే ఉపాధ్యాయులు కలిసినప్పుడల్లా అడిగే ప్రశ్న ఒకటే: తొమ్మిదో తరగతికి లిజనింగ్ కోసం పాఠ్యపుస్తకం దాటి ఏం వినిపించాలి?

ఎక్కువమంది రేడియో ఇంగ్లిషు వార్తలవైపే మొగ్గుతారు. స్పష్టమైన ఉచ్చారణ, తప్పుల్లేని భాష. నేనూ రెండేళ్లు అవే పెట్టాను. ఐదు నిమిషాల బులెటిన్ ముగిశాక పిల్లలకు చిక్కినవి ఢిల్లీ, మినిస్టర్, పర్సెంట్. తప్పు వాళ్ల చెవులది కాదు. ద్రవ్యోల్బణం అంటే తెలుగులోనే తెలియనివాడికి 'ఇన్‌ఫ్లేషన్' పదిసార్లు వినిపించినా చప్పుడే. వేగం, యాస తర్వాతి సంగతి. వినబోయే విషయం పిల్లవాడికి ముందే ఎంత తెలుసన్నదే నా లెక్కలో అసలు తేడా.

అందుకే కాజీపేట జంక్షన్‌కు వెళ్లి ప్రకటనలు ఫోనులో రికార్డు చేసుకొచ్చాను. ఒక్కోటి నిమిషం కూడా ఉండదు. ఇంగ్లిషు ముక్క మాత్రం వినిపించి రెండే అడుగుతాను: ఏ ప్లాట్‌ఫాం, ఎంత ఆలస్యం? తర్వాత అదే ప్రకటన తెలుగులో పెడితే జవాబులు వాళ్లే దిద్దుకుంటారు, నా అవసరం ఉండదు. (అసౌకర్యానికి చింతిస్తున్నామనే ఇంగ్లిషు వాక్యాన్ని ఆ వారమంతా ఆలస్యంగా వచ్చినవాళ్లు గుమ్మంలోనే అప్పజెప్పారు.)

లోపమూ ఉంది. ముందే రికార్డు చేసిన ముక్కలను అతికించిన ప్రకటన కాబట్టి మాటలు విడివిడిగా వస్తాయి. మనుషులు అలా మాట్లాడరు, ఒక మాటను మరో మాటలోకి కలిపేస్తారు. దానికి క్రికెట్ వ్యాఖ్యానం మంచిది, అదీ రేడియోది. టీవీలో బంతి కనిపిస్తూనే ఉంటుంది కాబట్టి వ్యాఖ్యాతలు ఇంకేదో ముచ్చటలో పడతారు; రేడియోవాళ్లకు ప్రతి బంతినీ చెప్పక తప్పదు. రెండు ఓవర్లు వినిపించి స్కోరు రాయమంటే చాలు. అయితే ఆట తెలియని పిల్లలకు ఇదీ ద్రవ్యోల్బణమే.

విద్యార్థుల కోసమే చేసిన బీబీసీ ఆరు నిమిషాల కార్యక్రమం బాగానే ఉంటుంది, ఇంట్లో వినమనండి.

కాబట్టి ముందు ప్రకటనలు, ఆ తర్వాత రెండు ఓవర్లు అంటాను. వార్తలను మాత్రం పూర్తిగా వదల్లేదు. మేడారం జాతర రోజుల్లో ఒక ఇంగ్లిషు బులెటిన్ వినిపించాను. 'జాగరీ' అన్న మాట క్లాసులో ఎవరికీ తెలియదు. గద్దెల దగ్గర సమర్పిస్తారన్న ముక్క చెవిన పడగానే వెనక బెంచీ నుంచి వినిపించింది: "బెల్లం, సార్! బంగారం!"