హన్మకొండ ఎంపీ సీటు చరిత్ర పిల్లలకు చెప్పాలంటే: ఎన్నికల సంఘం నివేదికలు ఎంతవరకు పనికొస్తాయి?

భారత ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లో 1951-52 నుంచి జరిగిన లోక్‌సభ ఎన్నికల గణాంక నివేదికలు ఉచితంగా దొరుకుతాయి. పాఠం చెప్పేవారికి ఇంతకన్నా గట్టి సరుకు లేదు. అలాగని ఏడో తరగతి పిల్లల చేతిలో నేరుగా పెడితే రెండు నిమిషాల్లో పక్కన పడేస్తారు: అన్నీ అంకెలు, అంతా ఇంగ్లిష్, ఒక్క బొమ్మ ఉండదు. టీచర్‌కు ఐదుకు నాలుగున్నర, పిల్లలకు రెండు మార్కులు వేయొచ్చు.

ఈ నివేదికలు ఎంత పనికొస్తాయో చూడటానికి హన్మకొండ సీటు బాగా సరిపోతుంది. 2008లో నియోజకవర్గాల హద్దులు మార్చిన పునర్విభజనతో అది రద్దయింది కాబట్టి కథకు ముగింపు ఉంది. 1977 నుంచి 2004 దాకా సాధారణ ఎన్నికలు తొమ్మిది. నివేదిక మొత్తం ప్రింట్ తీయకండి, వందల పేజీలు వస్తాయి. రెండో సంపుటంలో నియోజకవర్గానికో పట్టిక ఉంటుంది. ఓటర్లు, పోలైన ఓట్లు, చెల్లనివి, పోలింగ్ కేంద్రాలు, డిపాజిట్ పోయినవారు, విజేత, రెండో స్థానం, మెజారిటీ అన్నీ అందులోనే దొరుకుతాయి. ఎన్నికకో పట్టిక చొప్పున తొమ్మిది తీస్తే చాలు, పిల్లలే గోడ చార్ట్ రాసేస్తారు. విజేతల వరుస ఇలా రావాలి: పీవీ నరసింహారావు రెండుసార్లు, చందుపట్ల జంగారెడ్డి ఒకసారి, కమాలుద్దీన్ అహ్మద్ మూడుసార్లు, చాడ సురేశ్‌రెడ్డి రెండుసార్లు, చివర బి. వినోద్‌కుమార్. ఇంగ్లిష్‌లో ఒకే పేరు ఏడాదికో రకంగా కనిపించొచ్చు. ముందే చెప్పకపోతే పిల్లలు ఇద్దరు మనుషులనుకుంటారు.

ఒక పీరియడ్ పూర్తిగా 1984కే ఇవ్వాలి. ఆ ఏడాది దేశమంతా కాంగ్రెస్ గాలి వీచింది, బీజేపీకి దక్కినవి రెండే సీట్లు: గుజరాత్‌లో మెహసానా, ఇక్కడ హన్మకొండ. పీవీ జంగారెడ్డి చేతిలో ఓడిపోయారు. అయినా ఆ ఏడాది ముగియకముందే, డిసెంబర్ 31న రక్షణ మంత్రి అయ్యారు. ఓడినాయన మంత్రి ఎలా అయ్యారని పిల్లలు తప్పకుండా అడుగుతారు. హన్మకొండ పట్టికలో జవాబు లేదు. మహారాష్ట్ర విజేతల జాబితా తెరిస్తే రాంటెక్ దగ్గర ఆయన పేరుంటుంది. ఒకరు రెండుచోట్ల పోటీ చేయొచ్చన్న నియమం ఇలా వెతికి పట్టుకున్నప్పుడే తలకెక్కుతుంది. ఆ పేజీని మాత్రం మీరు చూపించకండి.

అదే ఏడాది కాంగ్రెస్‌కు కొన్ని పుస్తకాల్లో 404, కొన్నింట్లో 414 సీట్లు కనిపిస్తాయి. తప్పేమీ లేదు. పంజాబ్, అస్సాంలలో పోలింగ్ 1985లో జరిగింది, 1984 నివేదికలో అవి చేరలేదు. 1989 పట్టికకు వచ్చేసరికి ఓటర్లు ఎక్కువయ్యేది జనాభా వల్లనే కాదు, 61వ రాజ్యాంగ సవరణతో ఓటు వయసు 21 నుంచి 18కి దిగింది. ఇది చెప్పకుండా గ్రాఫ్ గీయిస్తే పిల్లలు తప్పు కారణం రాసుకుంటారు.

నివేదికలు ఎందుకన్నది చెప్పవు. ఎవరు ఎన్ని ఓట్లతో గెలిచారో చెప్పి ఊరుకుంటాయి. కారణాలకు ఆనాటి దినపత్రికలు చూడాల్సిందే.

ఇంకో పెద్ద లోటు ఉప ఎన్నికలు. 2008లో టీఆర్‌ఎస్ ఎంపీల రాజీనామాల తర్వాత హన్మకొండలో వినోద్‌కుమార్ మళ్లీ గెలిచారు. సాధారణ ఎన్నికల నివేదికలనే నమ్ముకుంటే ఆ గెలుపు చార్ట్‌లోకి రాదు, ఉప ఎన్నికల ఫలితాలు విడిగా వెతకాలి.

మ్యాప్ మీరే సమకూర్చుకోవాలి. 2008 పునర్విభజన ఉత్తర్వులో మండలాల పేర్లున్నాయి, జిల్లా అవుట్‌లైన్ మీద రంగులు వేయించొచ్చు. పాత సీటు గీతను అదే మ్యాప్ మీద గీయబోతే కుదరదు: మండలాలు పుట్టింది 1985లో, పాత హద్దులు తాలూకాల లెక్కవి. హన్మకొండ దగ్గర చుక్క పెట్టించి, ఇప్పుడది వరంగల్ పశ్చిమ అసెంబ్లీ, వరంగల్ ఎస్సీ లోక్‌సభ స్థానం కింద ఉందని రాయిస్తే సరిపోతుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అప్పుడే పేరు పోయిన మిగతా ఆరూ బోర్డు మీద రాయండి: సిద్దిపేట, మిర్యాలగూడ, భద్రాచలం, పార్వతీపురం, బొబ్బిలి, తెనాలి. మీ ఊరు వాటిలో ఒకదాని కిందిదైతే హన్మకొండ వదిలేసి దాంతోనే మొదలుపెట్టండి.