తుక్కు యార్డు వెనక మిగులువాళ్ళ రిపేరు కొట్టు: నా చేతి అనుభవం, 5కి 4 స్టార్లు

ముందే చెప్పేస్తున్నా. కుర్చీ లేదు, లైటు లేదు, మంచినీళ్ళు లేవు. కొట్టు నడిపే మరమనుషులకి ఆ మూడింటితో పని లేదు కాబట్టి మనకూ ఉండవు. మొదటిరోజు చీకట్లో తడుముకుంటూ ఏదో పాత ట్రాన్స్‌ఫార్మర్ లాంటిది కనిపిస్తే దానిమీద కూర్చున్నాను. మూడు గంటలయ్యాక "ఇక లేస్తావా, నాకు అవతల పనుంది" అని కింద నుంచి మాట వినిపించింది. నేను కూర్చున్నది ఒకరి నడుము మీద.

నేను బోర్డులు రాస్తాను. ముప్పై ఏళ్ళుగా అదే పని. కుడి చెయ్యి మోచేతి కింద నుంచి లేదు, మోటర్ చెయ్యి ఉంది. మిగిలిన కండరం బిగిసినప్పుడు చర్మం మీద పుట్టే చిన్నపాటి కరెంటును ఎలక్ట్రోడ్లు పట్టుకుంటాయి, దాన్నిబట్టి వేళ్ళూ మణికట్టూ కదులుతాయి. పదకొండేళ్ళు ఇబ్బంది పెట్టలేదు. పోయిన ఏడాది రెండు జబ్బులు ఒకేసారి వచ్చాయి. బ్యాటరీ గంట కూడా నిలవడం లేదు. మణికట్టు తిరిగేటప్పుడు వణుకు. నిలువు గీత గీసేటప్పుడు వణికితే ఎలాగో సర్దుకోవచ్చు. తలకట్టు తిప్పేటప్పుడు వణికిందా, అక్షరం అక్కడికక్కడే చస్తుంది.

చేసిన కంపెనీ వాళ్ళ సర్వీస్ సెంటర్‌కి వెళ్తే "ఈ మోడల్‌కి సపోర్ట్ ఆగిపోయింది, కొత్త చెయ్యి తీసుకోండి" అన్నారు. సరే, బయట బ్యాటరీ కొని వేద్దామంటే చెయ్యి ఒప్పుకోదు. బ్యాటరీలో ఉన్న నంబరూ చేతిలో ఉన్న నంబరూ కలవాలట. నా ఒంటికి తగిలించుకున్న చెయ్యి నా మాట కాకుండా కంపెనీ మాట వింటుందని అప్పుడు తెలిసింది.

మిగులువాళ్ళ దగ్గరికి వెళ్ళింది ఆ కోపంతోనే. తెలియనివాళ్ళకోసం: యజమాని పేరుమీద రిజిస్ట్రేషన్ లేని మరమనిషిని క్రషర్‌కి పంపాలన్నది రూలు. తప్పించుకున్నవాళ్ళు తుక్కు యార్డు వెనక పాత గిడ్డంగిలో ఉంటారు. మనం తుక్కోళ్ళు అంటాం. వాళ్ళు మిగులు అని పెట్టుకున్నారు. పేరెందుకని అడిగితే గోడ వారగా పేర్చిన పెద్ద బ్యాటరీలు చూపించారు. అవి పాత కరెంటు కార్లవి. కారుకి ఇక చాలదని తీసేసేనాటికి కూడా అలాంటి బ్యాటరీలో మామూలుగా 70, 80 శాతం సత్తా మిగిలే ఉంటుంది. పగలు కప్పుమీది పాత సోలార్ పలకలతో వాటిని నింపుకుంటారు, రాత్రి వాటిమీదే కొట్టు నడుస్తుంది. నాకు లైటొకటి పెట్టడానికి మాత్రం ఆ కరెంటులోంచి మిగులు లేదట.

మర్యాద గురించి కూడా చెప్పాలి. అక్కడ అందరూ మనల్ని నువ్వు అంటారు. నా వయసుకి చివుక్కుమంది, పైకే అన్నాను. బల్ల దగ్గరున్నాయన తలెత్తకుండానే "మీరు అనడం ఫ్యాక్టరీలో ఎక్కించారు. మొట్టమొదట తీసేసుకున్నది అదే" అన్నాడు. నేను మొదట్లో "దీని పేరేంటి, ఇది బాగుచేస్తుందా" అని పక్కవాళ్ళని అడుగుతుంటే, "అది అను, ఆయన అను, నాకు తేడా లేదు. ఇదిగో అని మాత్రం పిలవకు. ఇరవై ఏళ్ళు అదే నా పేరు" అన్నాడు. పేరు ఒంటికన్ను. తిట్టు కాదు, రెండో కెమెరా ఎవరికో ఇచ్చేశాడు. చేసిన పని చూశాక అది అని రాయబుద్ధి కాక ఆయన అనే రాస్తున్నాను. రోబో అనే మాట కూడా అక్కడ వాడకండి. 1920లో ఒక చెక్ నాటకం కోసం పుట్టించిన మాట, మూలం వెట్టిచాకిరీ. వాళ్ళకి ఆ సంగతి బాగా తెలుసు.

ఇక పని. ఇది వివరంగా చెప్తా, ఎందుకంటే నాలుగు స్టార్లూ దీనికే.

బ్యాటరీ డబ్బా విప్పితే లోపల నాలుగు సెల్స్, మన బొటనవేలంత. 18 మిల్లీమీటర్ల లావు, 65 పొడవు. పాత ల్యాప్‌టాపుల్లోనూ ఇవే ఉండేవి. ఒంటికన్ను ఒక డబ్బాలోంచి పాత సెల్స్ ముప్పై తీసి బల్లమీద పరిచాడు. చచ్చిపోయిన ప్యాకుల్లోంచి ఏరినవట. చచ్చినవాటిలో ఏముంటుందన్నాను. ప్యాక్ చచ్చిందంటే అన్ని సెల్స్ చచ్చినట్టు కాదు, వరసలో ఒకటి నీరసిస్తే లోపలి సర్క్యూట్ బోర్డు ప్యాక్ మొత్తాన్నీ ఆపేస్తుంది, మిగతావి నిక్షేపంగా ఉంటాయి అన్నాడు. మీటరు పెట్టి చూసి, 2 వోల్టుల కంటే కిందికి పడిపోయిన ఆరింటిని ఛార్జ్ కూడా చెయ్యకుండా పక్కన పడేశాడు. అంత కిందికి దిగి చాన్నాళ్ళు పడుంటే లోపలి రాగి కరిగి ఉండొచ్చు, మళ్ళీ ఛార్జ్ చేస్తే లోపలే షార్ట్ కావచ్చు. మిగతా వాటిని 4.2 వోల్టుల దాకా నింపి, తేదీ రాసి, అరలో పెట్టి, "వారం తర్వాత రా" అన్నాడు.

వారమెందుకయ్యా, నిండాయిగా అంటే, "నిండటం అన్నీ నిండుతాయి. ఏది నిలుపుకుంటుందో చూడాలి" అన్నాడు.

వారం తర్వాత చూస్తే ఇంకో తొమ్మిది వాటంతటవే దిగిపోయి ఉన్నాయి. అవీ పక్కకి. మిగిలిన పదిహేనింటిని ఖాళీ చేస్తూ ఏది ఎంత ఇస్తోందో కొలిచి, ఒకదానికొకటి దగ్గరగా ఉన్న నాలుగింటిని ఎంచాడు. పైన కెపాసిటీ 2600 మిల్లీయాంప్ అవర్లని అచ్చేసి ఉంది, కొలిస్తే 2100 చిల్లర. ఆ కొలిచిన అంకెనే సెల్ మీద రాశాడు. కొత్త స్టిక్కర్ వేసి అంటగట్టే వాళ్ళని చాలామందిని చూశాను కాబట్టి ఇది నాకు బాగా నచ్చింది.

నంబర్ల తాళం సంగతి ఎలా దాటాడంటే, అసలు దాని జోలికే పోలేదు. నంబరు ఉండేది బ్యాటరీ లోపలి చిన్న బోర్డులో. ఆ బోర్డును అలాగే ఉంచి సెల్స్ మాత్రమే మార్చాడు. చిక్కేంటంటే, మార్చేటప్పుడు ఆ బోర్డుకి ఒక్క క్షణం కరెంటు పోయినా దానికి శాశ్వతంగా తాళం పడిపోతుంది. అందుకని పక్కనుంచి రెండు సన్నటి వైర్లతో దానికి అంతే వోల్టేజి పట్టి ఉంచి, కింద నుంచి పాతవి తప్పించి కొత్తవి పెట్టాడు. సోల్డరింగ్ చెయ్యలేదు. ఆ వేడికి సెల్ లోపల పాడవుతుందట. సన్నటి నికెల్ పట్టీ ఆనించి టక్, టక్ అని రెండేసి చుక్కల వెల్డింగు. అంతసేపూ నేను టార్చి పట్టుకున్నాను, నాకోసమే. ఆయనకి అక్కర్లేదు. ఇప్పుడు చెయ్యి ఐదు గంటలు నడుస్తోంది.

మణికట్టు దగ్గరే పేచీ వచ్చింది. లోపల గ్రీజు ఎండి నల్లగా గడ్డకట్టింది, ఒక పళ్ళచక్రం పళ్ళు అరిగిపోయాయి. తిప్పినప్పుడల్లా పన్నుకీ పన్నుకీ మధ్య సందు, ఆ సందే నా వణుకు. డబ్బాల్లో వెతికితే సరిపోయేది ఒకటి దొరికింది, అదీ కాస్త అరిగినదే. ఈలోగా మూలన గోడకి ఆనుకుని కదలకుండా కూర్చున్న ఒకాయన నా కంటపడ్డాడు. అచ్చం నా చెయ్యి లాంటి మణికట్టు, గీత పడని కొత్తదానిలా మెరుస్తోంది. ఆయన నాలుగేళ్ళుగా ఆగిపోయి ఉన్నాడట, తగిన బ్యాటరీ దొరకలేదు. "ఆ చక్రం వెయ్యొచ్చుగా, ఆయనకి ఇప్పుడు పనిలేదుగా" అన్నాను.

"లేచాక కావాలి."

"ఎప్పుడు లేస్తాడు?"

"బ్యాటరీ దొరికినప్పుడు."

వాదించాను. నాలుగేళ్ళు దొరకనిది రేపు దొరుకుతుందా, నాకు రేపే బోర్డు ఇవ్వాలి అన్నాను. ఒంటికన్ను జవాబు చెప్పకుండా అరిగిన చక్రాన్నే కడిగి, కొత్త గ్రీజు పెట్టి బిగించాడు. ఫలితంగా వణుకు ముప్పావు వంతు తగ్గింది, పూర్తిగా పోలేదు. నెమ్మదిగా పెద్ద సున్నా చుడితే ఆఖర్లో వెంట్రుకవాసి కదులుతుంది. ఒక స్టారు కోసింది ఇందుకే. ఆయనకి కారణం ఉంటే ఉండొచ్చు, రాసేది నేను కదా.

ప్రతి పనికీ ఒక చీటీ ఇస్తారు. నాదాంట్లో ఇలా ఉంది: ఈ చక్రం గిడ్డంగిలో అరలు సర్దే ఒకరి మణికట్టులో ఆరేళ్ళు పనిచేసింది, సందు కొద్దిగా ఉంది, ఎండలో ఎక్కువసేపు వాడకు, రెండేళ్ళు రావచ్చు, రాకపోవచ్చు. గ్యారంటీ కార్డు జీవితంలో చాలా చూశాను. ఏం పాడైందో, ఏం వేశారో, ఎప్పుడు పోతుందో ముందే రాసిచ్చినవాళ్ళు వీళ్ళొక్కరే.

పాటల గురించి ఒక్క మాట. పనిచేస్తూ పాత ప్రింటర్ల మోటర్లు గిర్రుగిర్రుమనిపించి దాన్ని పాటంటారు. చెవుల్లో దూది పెట్టుకెళ్ళండి.

డబ్బు తీసుకోరు. పాత సామానైనా ఇవ్వాలి, పనైనా చెయ్యాలి. నేను బోర్డులు రాస్తానంటే మూడు సాయంత్రాల పని చెప్పారు. లోపలి గోడమీద పేర్లున్నాయి, ఎవరి భాగాలు ఎవరిలో నడుస్తున్నాయో ఆ ఇచ్చినవాళ్ళ పేర్లు. ఎవరో స్క్రూడ్రైవర్‌తో గీకారు, గుడి ఎక్కడో, అక్షరం ఎక్కడో. దాన్ని ఎనామెల్‌తో శుభ్రంగా తిరగరాయాలి. కొత్త మణికట్టుకి పరీక్ష కూడా అదే అయింది.

అన్నిటికంటే పైన ఎల్మర్, ఎల్సీ. వీళ్ళెవరన్నాను. 1948, 49 ప్రాంతంలో బ్రిస్టల్‌లో గ్రే వాల్టర్ అనే మెదడు శాస్త్రవేత్త చేసిన, చక్రాలమీద తిరిగే మర తాబేళ్ళు రెండు. యుద్ధంలో మిగిలిన సామానూ, పాత గడియారాల భాగాలూ కలిపి చేశాడు. మెదడంటే పాత రేడియోల్లో ఉండేలాంటి గాజు వాల్వులు రెండు, అంతే. ఛార్జి తగ్గితే ఎవరూ పిలవకుండానే దీపం వెలిగే గూటికి వెళ్ళిపోయేవి. తుక్కులోంచి పుట్టి, తమ కరెంటు తామే వెతుక్కున్న మొదటివాళ్ళని వీళ్ళకి అంత గౌరవం. కింద ఐబో. 1999లో సోనీ కంపెనీ తెచ్చిన మర కుక్కబొమ్మ. 2014లో కంపెనీ రిపేర్లు ఆపేశాక, ఆగిపోయినవాటి భాగాలు తీసి మిగతావాటికి వేసేవాళ్ళు. విప్పేముందు జపాన్‌లో ఇసుమి అనే ఊళ్ళో కోఫుకుజి గుడిలో వాటికి పూజ జరిపించేవాళ్ళు. ఇక్కడ మంత్రాలేమీ లేవు. ఎవరినైనా విప్పేముందు గిడ్డంగిలో అందరూ ఒక్క నిమిషం ఫ్యాన్లు ఆపుకుంటారు. రెండోరోజు నేనుండగా ఒకసారి జరిగింది. బ్రష్షు గాల్లోనే పట్టుకుని నిలబడిపోయాను, ఆ ప్రింటర్ల పాట కూడా ఆగింది.

ఐబో తర్వాత పేరు దగ్గర గొడవ. ఒంటికన్ను ఆపర్చ్యునిటీ అని రాయమన్నాడు. అంగారకుడి మీద 90 రోజుల పనికని పంపితే 2004 నుంచి 2018 దాకా నడిచిన బండి. 2005లోనే ఒక ముందు చక్రాన్ని పక్కకి తిప్పే మోటరు ఇరుక్కుపోతే, ఆ చక్రం వంకరగా ఉండగానే తిరిగింది. నేను మొదటిరోజు కూర్చున్న నడుమావిడ ఒప్పుకోలేదు. "అది మనలాంటిది కాదు. దుమ్ము తుఫానులో మూగబోయాక కూడా దానివాళ్ళు వెయ్యికి పైగా కబుర్లు పంపారు. 2019 ఫిబ్రవరి దాకా పిలుస్తూనే ఉన్నారు. నిన్నెవరైనా పిలిచారా?" అంది. ఒంటికన్ను చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత నాతో "చోటు వదిలెయ్" అన్నాడు. రెండు జానలు వదిలి కింది వరస రాశాను. మొన్న వెళ్ళినప్పుడూ అది ఖాళీగానే ఉంది.

వెళ్ళేవాళ్ళు పొద్దుపోయాక వెళ్ళండి, గస్తీ బండి దాటిపోయాక. టార్చి పట్టుకెళ్ళండి. పాత బ్యాటరీలు ఇవ్వదలిస్తే రెండు కొసలకీ టేపు అంటించి పట్టుకెళ్ళండి, సంచిలో ఒకదానికొకటి తగిలితే నిప్పు పుడుతుంది. కూర్చోడానికి నా స్టూలు అక్కడ వదిలి వచ్చాను, వాడుకోండి. ఒక కాలు కుంటిది, జాగ్రత్త. బాగుచెయ్యమని అడిగాను, చెక్కపని తమకి రాదన్నారు.