ఇరవై నోటు కొండ

బెజవాడ ఏజెంటు ఇచ్చిన అండమాన్ ప్యాకేజీ కాగితంలో ఆ కొండకి కేటాయించిన టైము ఇరవై నిమిషాలు. పక్కన 'ఫొటో పాయింట్' అని రాసుంది. బావ అది చూసి, "మంగళగిరి పానకాలస్వామి మెట్లెక్కడానికే మనకి అరగంట పడుతుంది, ఇదేం కొండ బాబూ!" అన్నాడు. ఆ పూట వాళ్ల కారు వద్దని చెప్పి మేమే వెళ్లాం. డబ్బులు మాత్రం పైసా తగ్గించలేదు.

అది మౌంట్ హారియట్. 1891 యుద్ధం తర్వాత మణిపూర్ వీరుల్ని ఇక్కడికి ప్రవాసం పంపారని 2021లో మౌంట్ మణిపూర్ అని పేరు మార్చారు. పోర్ట్ బ్లెయిర్‌లో చాథాం జెట్టీ దగ్గర ఫెర్రీ ఎక్కితే కాసేపట్లో అవతలి ఒడ్డున బాంబూ ఫ్లాట్. మనుషులూ బైకులూ కార్లూ అన్నీ ఒకే పడవలో. పున్నమి ఘాట్ నుంచి భవానీ ద్వీపం వెళ్లేటప్పుడు లైఫ్ జాకెట్టు కోసం చేసే హడావిడేదీ ఇక్కడ కనపళ్లేదు. కొండ కింద దాకా ఆటో, అక్కణ్ణుంచి నడక.

ఎత్తు నాలుగొందల మీటర్ల లోపే. నెల రోజులు ఆదివారం ఆదివారం మంగళగిరి మెట్లెక్కి వచ్చామన్న ధీమా మొదటి మలుపులోనే దిగిపోయింది. మెట్లకైతే కాలు లెక్క పట్టుకుంటుంది, ఏటవాలు దారికి ఆ లెక్క దొరకదు. పైగా చెట్ల నీడలో కూడా పిండితే నీళ్లు కారేంత చెమట. ఇద్దరికీ కలిపి రెండు లీటర్ల నీళ్లు తీసుకెళ్లాం, చాల్లేదు.

పైన బావ పర్సులోంచి పాత ఎర్ర ఇరవై నోటు తీశాడు. వెనకవైపు కొబ్బరిచెట్లూ సముద్రమూ ఉండేవే, అది. ఎదురుగా అదే నార్త్ బే, అదే లైట్‌హౌస్. నోటుమీద మొత్తం ఒకే రంగు. ఇక్కడ ఒడ్డు దగ్గర పచ్చ, లోపలికి నీలం, దూరంగా దీవుల మీద మబ్బు నీడలు. కార్లలో వచ్చినవాళ్లు ఫొటో తీసుకుని వెళ్లిపోతున్నారు. మేం పులిహోర పొట్లాలు విప్పి గంట కూర్చున్నాం.

అక్కణ్ణుంచి కాలాపత్థర్ అనే చోటుకి అడవి బాట. వానపడి ఉంది, జలగలు. జామకాయల కోసం తెచ్చుకున్న ఉప్పూకారం వాటికి వాడాం. బాట బాగుంది గానీ పైన చూసిన సముద్రం ఇక్కడ చెట్ల మధ్య ముక్కలుముక్కలుగానే కనిపిస్తుంది. ఓపిక లేకపోతే మానేయొచ్చు.

మూడున్నరకే దిగడం మొదలెట్టాం. ఇక్కడ ఐదున్నరకల్లా చీకటి. 1872లో వైస్రాయ్ మేయో ఇదే కొండెక్కి సూర్యాస్తమయం చూసి, చీకట్లో కింద హోప్‌టౌన్ జెట్టీకి వచ్చేసరికి షేర్ అలీ అనే ఖైదీ కత్తితో పొడిచి చంపాడు. ఆ సంగతి సగం దారిలో చెప్పాను. "దిగాక చెప్పకూడదా?" అని బావ విసుక్కున్నాడు.

బస సంగతి. ప్యాకేజీలో ఇచ్చిన హోటల్ గది కిటికీ తీస్తే పక్కింటి నీళ్ల ట్యాంకు. చివరి రెండు రాత్రులూ అబర్డీన్ బజార్ దగ్గర మామూలు లాడ్జికి మారాం. సగం అద్దె, శుభ్రమైన దుప్పట్లు, నాలుగడుగుల్లో తెలుగువాళ్ల మెస్సు. ఆ పులిహోర కట్టించింది ఆ మెస్సావిడే. ఊరు కాకినాడట. చింతపండు పులుపు కాస్త ఎక్కువైంది, అయినా పొట్లంలో మెతుకు మిగల్లేదు.