డుబ్రోవ్నిక్‌లో గోడకి పెట్టిన డబ్బు గిట్టింది, భోజనానికి పెట్టింది గిట్టలేదు

మా చెల్లి జర్మనీలో ఉంటుంది. ఈసారి దాని దగ్గరికి వెళ్లినప్పుడు అటు నుంచి అటే నేను, మా ఆయన, మా అత్తయ్య గారు క్రొయేషియాలోని డుబ్రోవ్నిక్ వెళ్లొచ్చాం. వేరే వీసా అక్కర్లేదు, 2023 జనవరి నుంచి వాళ్లూ షెంగెన్‌లో, అంటే ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల గుంపులో, కలిశారు, డబ్బులు కూడా యూరోలే. వైజాగ్ వాళ్లకి సముద్రం చూడ్డానికి అంత దూరం వెళ్లాలా అని ఇంట్లో అందరూ వెక్కిరించారు. సముద్రం కొత్త కాదులెండి, సముద్రాన్ని ఆనుకుని లేచిన కోట గోడ, దాని లోపల ఇప్పటికీ కిటికీల మధ్య తాడు కట్టి బట్టలారేసుకుంటూ కాపురాలుంటున్న ఊరు కొత్త.

మిగతావి చూడకపోయినా పర్లేదు, గోడ మాత్రం వదలొద్దు. చుట్టూ 1,940 మీటర్లు, కొన్నిచోట్ల 25 మీటర్ల ఎత్తు. గోడ కలిసొచ్చే ఒకరోజు పాస్ మేం వెళ్లినప్పుడు మనిషికి 40 యూరోలు, మన డబ్బుల్లో సుమారు నాలుగు వేలు, మా ఆయనకి కౌంటర్ దగ్గరే బీపీ పెరిగింది. పొద్దున్న ఎనిమిదింటికి తెరవగానే ఎక్కేయండి. పది దాటితే క్రూయిజ్ షిప్పుల్లోంచి దిగిన జనం, పైన ఎండ, నీడ దొరకదు, పైగా అందరూ ఒకే వైపు నడవాలి కాబట్టి సగం దూరం పోయాక కాళ్లు నొప్పులంటే వెనక్కి తిరగడం కుదరదు. పైనుంచి చూస్తే ఇళ్ల పెంకులు రెండు రకాలు, కొన్ని వెలిసిపోయిన పాతవి, చాలావరకు నిగనిగలాడే నారింజ రంగువి. 1991లో మొదలైన ముట్టడిలో షెల్స్ పడి కప్పులు పోయాక వేసుకున్నవట ఆ కొత్తవి. హుద్‌హుద్ తర్వాత మేడెక్కి చూస్తే ఎవరింటి రేకులు ఎగిరిపోయాయో కొత్త రేకుల్ని బట్టి తెలిసిపోయేది కదా, అచ్చం అలాగే. అత్తయ్య గారు అక్కడ కాసేపు ఏం మాట్లాడకుండా నిలబడిపోయారు.

ఇక భోజనం. గోడ లోపల పెద్ద వీధి స్ట్రాడున్ పక్క సందులో ఒక హోటల్, పేరెందుకులెండి. కూర్చోగానే అడక్కుండానే బ్రెడ్ పెట్టారు, ఎంత మర్యాదో అనుకున్నాం, బిల్లులో వేశారు. చిన్న నీళ్ల సీసాకి ఆరు యూరోలు. నల్ల రిసోట్టో అని అక్కడ ఫేమస్, కటిల్‌ఫిష్ సిరా పోసి వండిన అన్నం. ప్లేటు చూసి "అడుగంటిందేమో, మార్చమనరా" అన్నారు అత్తయ్య గారు. రుచి తీసిపారేయాల్సింది కాదు, సముద్రపు ఉప్పదనం తగిలి బాగానే ఉంటుంది, కానీ ముద్దముద్దగా, కారం అన్నమాటే లేకుండా, తిన్నాక ముగ్గురికీ పళ్లు నల్లబడి ఫొటోలకి నవ్వలేకపోయాం. అసలు కడుపు మండింది బయటికొచ్చాక. పిలే గేటు దగ్గర ఒనోఫ్రియో ఫౌంటెన్ అని గుండ్రటి రాతి కట్టడం, చుట్టూ రాతి మొహాల నోళ్లలోంచి నీళ్లు పడుతుంటాయి, అందరూ సీసాలు పట్టుకుంటున్నారు. 1438లో సుమారు 12 కిలోమీటర్ల దూరం నుంచి కాలువ తవ్వి తెచ్చిన ఏర్పాటట, ఇప్పటికీ తాగే నీళ్లే, చల్లగా, ఉచితంగా! ఆరు యూరోలు పెట్టి కొన్న సీసాలోనే పట్టుకున్నాం.

మర్నాడు బుద్ధొచ్చి గోడ బయట గ్రూజ్ రేవు వైపు వెళ్లాం. అక్కడ కాల్చిన సార్డిన్లు మన ఫిషింగ్ హార్బర్ దగ్గర తిన్నంత తాజాగా ఉన్నాయి, బిల్లు దాదాపు సగమే. స్టోన్ అనే ఊరి నుంచి వచ్చే ఆయిస్టర్లు, అంటే ఆల్చిప్పలు, పచ్చివే, నిమ్మకాయ పిండుకుని మా ఆయన అరడజను లాగించాడు, నేను చూడలేక అటు తిరిగి కూర్చున్నా. శనివారం కాబట్టి అత్తయ్య గారికి బ్లిట్వా చెప్పాం. బచ్చలిలాంటి ఆకు, బంగాళాదుంప, వెల్లుల్లి, ఆలివ్ నూనె. ఆవిడ మెచ్చుకున్న ఒకే ఒక్క వంట ఇది, "కాస్త తాలింపు పెట్టుంటేనా" అంటూనే మొత్తం తినేశారు.

స్ట్రాడున్ రాళ్లు వందల ఏళ్ల నడకకి నున్నబడిపోయి పాలిష్ చేసినట్టుంటాయి, చెప్పులు జారతాయి, పెద్దవాళ్లకి బూట్లు కొనండి. కేబుల్ కారుకి క్యూ చూసి మానేశాం, కైలాసగిరి రోప్‌వే ఉండనే ఉంది.

స్ట్రాడున్ చివర ఓర్లాండో అనే వీరుడి రాతి విగ్రహం గురించి మాత్రం అత్తయ్య గారు ఇక్కడికొచ్చాక కూడా చెప్తున్నారు. పాతకాలంలో ఆ బొమ్మ ముంజేతి పొడవే ఊరి వ్యాపారులకి కొలత, 51.2 సెంటీమీటర్లు. అంటే వాళ్ల మూర అన్నమాట. "మన పూర్ణా మార్కెట్ పూలావిడకి అంత చెయ్యి ఉంటే ఎంత బాగుణ్ణు" అని ఆవిడ బాధ.