పాత స్కార్పియోనా, పాత డస్టరా? చలికాలపు హైవేకి ఏది మేలు

బెంగళూరులో మనవాళ్లకి డిసెంబరు వచ్చిందంటే ఊరి ప్రయాణాల హడావుడి. సంక్రాంతికి రైలు టికెట్లు దొరకవు, బస్సు టికెట్లు కొనేలా ఉండవు. అందుకే ఐదు లక్షల్లోపు పాత ఎస్‌యూవీ ఒకటి చూసుకుని, బాగు చేయించుకుని, పిల్లాపాపలతో తెల్లవారుజామునే బయల్దేరాలనుకునేవాళ్లు మారతహళ్లి, కేఆర్ పురం, వైట్‌ఫీల్డ్ వైపు చాలామందే ఉన్నారు. వెతుకులాట మొదలైన కొన్నాళ్లకి వాళ్ల జాబితాలో సాధారణంగా రెండే మిగులుతాయి: మహీంద్రా డీజిల్ స్కార్పియో, రెనో డీజిల్ డస్టర్.

నా మాట ముందే చెప్పేస్తాను. ఎక్కువగా హైవే మీదే తిరిగే కుటుంబానికి డస్టర్ మేలు. అసలు కారణం డబ్బు లెక్కలో ఉంది. అదే ఏడాది మోడల్, అవే కిలోమీటర్లు అనుకుంటే పాత బండ్ల బజారులో స్కార్పియోకి ఎక్కువ ధర పలుకుతుంది. ఉన్న ఐదు లక్షలూ బండికే పోస్తే టైర్లకీ లైట్లకీ బ్రేకులకీ చేతిలో ఏమీ మిగలదు. తెల్లారకముందు పొగమంచులో నడపాలంటే మనల్ని ఇంటికి చేర్చేవి అవే. కాబట్టి బండి ధరకు బండి ధర పోల్చకండి. కొన్న ధర, బాగుచేత ఖర్చు కలిపి ఒక మొత్తం వేసుకుని, ఆ రెండు మొత్తాలూ పోల్చండి.

ఇంతకీ మన చలికాలం ఎలాంటిది? బెంగళూరు చరిత్రలో నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రత 7.8 డిగ్రీలు, అదీ 1884 జనవరిలో. మామూలుగా రాత్రిళ్లు 15 డిగ్రీల అటూఇటూ ఉంటుంది. డీజిల్ గడ్డకట్టే బాధ లద్దాఖ్ వాళ్లది. వాళ్ల కోసం ఇండియన్ ఆయిల్ 2019లో మైనస్ 33 డిగ్రీల్లోనూ పారే డీజిల్ తెచ్చింది. ఉత్తరాది వీడియోలు చూసి గడ్డమంచు మీద వాడే టైర్లూ చక్రాల గొలుసులూ కొనాల్సిన పని మనకు లేదు. మనకు తిప్పలు పెట్టేది పొగమంచు. ఎన్‌హెచ్ 44 మీద దేవనహళ్లి దాటి నంది కొండల పక్కగా చిక్కబళ్లాపురం వైపు పోతున్నప్పుడు, కోలారు, ముళబాగిలు దాటి పలమనేరు చేరేటప్పుడు ముందున్న లారీ ఉన్నట్టుండి మాయమవుతుంది. ఆ తర్వాత చిత్తూరు వైపు దిగాలంటే మొగిలి ఘాట్ ఉండనే ఉంది. ప్రమాదాలకు పేరుమోసిన దారి అది.

ఇప్పుడు బండ్ల సంగతి.

స్కార్పియోలో 2.2 లీటర్ల ఎంహాక్ ఇంజన్ గట్టిది. ఇంజన్ వాల్వులను వేళకు తెరిచి మూయించేది టైమింగ్ చైన్ కాబట్టి బెల్టు మార్చే ఖర్చు లేదు. లారీలా ఉక్కు చట్రం (లాడర్ ఫ్రేమ్) మీద కట్టిన బండి, గుంతల దారిలో ఎంత కుదిపినా తట్టుకుంటుంది. దాని అతిపెద్ద బలం మెకానిక్కులు. బాగేపల్లిలో ఆగినా, కదిరిలో ఆగినా బానెట్ ఎత్తి చూసేవాడు దొరుకుతాడు. పాత ఆకారమే స్కార్పియో క్లాసిక్ పేరుతో 2022 తర్వాతా వస్తోంది కాబట్టి 2014 తర్వాతి మోడళ్లకు చాలా సామాన్లు సులభంగానే దొరుకుతాయి.

మరి లోటేంటి? ఎత్తు, బరువు. మంచులో ఏదో అడ్డొచ్చి ఒక్కసారిగా స్టీరింగ్ తిప్పితే బండి మొత్తం పక్కకి ఒరుగుతుంది. కింది వేరియంట్లలో ఏబీఎస్, అంటే గట్టిగా బ్రేకు తొక్కినా చక్రాలు పట్టేయకుండా చూసే ఏర్పాటు, ఉండదు. కొత్తగా అమ్మే కార్లన్నింటికీ ఏబీఎస్ తప్పనిసరి అయింది 2019 ఏప్రిల్ నుంచే కాబట్టి, అంతకుముందు బండి ఏదైనా కీ తిప్పగానే డ్యాష్‌బోర్డులో ఏబీఎస్ దీపం వెలిగి ఆరుతోందా అని చూసుకోవాలి. వెలగకపోతే ఏబీఎస్ లేదనో, ఎవరో బల్బు పీకేశారనో అనుకోవాలి. రెండూ మంచివి కావు. ముందు చక్రాల బుష్‌లు, బాల్ జాయింట్లు అరిగిన స్కార్పియో 80 దాటగానే ఎటో లాగుతుంది. వాటిని మార్పించకుండా హైవే ఎక్కొద్దు.

డస్టర్ 2012 జులైలో మన దగ్గరికి వచ్చింది. ఒకే 1.5 లీటర్ల డీజిల్ ఇంజన్ 85, 110 హార్స్‌పవర్‌లలో దొరికింది. 110లో ఆరు గేర్లు. గ్రౌండ్ క్లియరెన్స్ 205 మిల్లీమీటర్లు, అంటే మన ఊరి స్పీడ్ బ్రేకర్లకు భయం లేదు. కారులా నిలకడగా పోతుంది, గుంతల మీద కూడా నడుము పట్టేయదు. వెనక సీట్లో అమ్మా నాన్నా కూర్చుని ఐదారు గంటలు ప్రయాణం చేయాలంటే అది చిన్న విషయం కాదు.

దాని బలహీనత టైమింగ్ బెల్టు. అది తెగితే వాల్వులు పోయి పిస్టన్లకు తగులుతాయి, ఇంజన్ విప్పాల్సిందే. అమ్మేవాడు “మార్పించాం సార్” అంటే చాలదు, బిల్లు చూపించాలి. బిల్లు లేకపోతే మార్చలేదనే లెక్క. ఆ ఖర్చు ధరలోంచి తగ్గించి బేరమాడి, కొన్న వారంలోనే బెల్టూ టెన్షనరూ వాటర్ పంపూ కలిపి మార్పించండి. క్లచ్ కూడా ఖరీదే. డీజిల్ డస్టర్ 2020లోనే ఆగిపోయింది కాబట్టి కొన్ని సామాన్లకు చిన్న ఊళ్లలో ఎదురుచూడాలి. ఊరికి బయల్దేరే ముందే అన్నీ చూపించుకోవాల్సిన బండి ఇది.

2014లో వచ్చిన ఆల్ వీల్ డ్రైవ్ డస్టర్ మీద చాలామందికి మోజు. “బావా, నాలుగు చక్రాలూ లాగితే మంచులో పట్టు ఉంటుంది కదా?” అని మా చెల్లెలి భర్త అడిగాడు. నాలుగు చక్రాలూ లాగడం బురదలో, ఇసుకలో కదలడానికి ఉపయోగం. బండిని ఆపేది బ్రేకులూ టైర్లే. తడి తారు మీద ఆగే దూరాన్ని ఏ ఆల్ వీల్ డ్రైవూ తగ్గించదు. పైగా వెనక చక్రాలకు శక్తి చేర్చే డిఫరెన్షియల్, కప్లింగ్, ప్రొపెల్లర్ షాఫ్ట్ అన్నీ పాతబడిన ఖర్చులే. వదిలేయమన్నాను.

ఒక్క సందర్భంలో మాత్రం స్కార్పియోకే నా ఓటు. మీ ఊరు హైవే నుంచి లోపలికి, రాళ్ల దారిలో, వంకలు దాటుకుని పోవాల్సి ఉంటే, ఏడుగురు ఎక్కాల్సి వస్తే, చూసుకునే మెకానిక్ ఊళ్లోనే ఉంటే అదే తీసుకోండి. కాకపోతే ఇంకాస్త పాత మోడల్‌కి దిగి అయినా బాగుచేతకి లక్ష పక్కన పెట్టుకోండి.

ఆ లక్ష ఎక్కడ పెట్టాలి? ముందు లైట్లు. ఇక్కడే డబ్బు ఎక్కువగా వృథా అవుతోంది.

బెంగళూరులో కారు సామాన్ల దుకాణాలుండే జేసీ రోడ్డుకి వెళితే మొదట చూపించేది తెల్లగా మెరిసే ఎల్‌ఈడీ బల్బులు, వెలుగు రంగు లెక్కలో 6000 కెల్విన్. ఎదుటివాడికి కళ్లు చెదురుతాయి, మంచులో మనకేమో ముందు తెల్ల గోడ కట్టినట్టు ఉంటుంది. పాత హెడ్‌లైట్ గిన్నెని హాలోజెన్ ఫిలమెంటు వెలుగు ఏ చోటి నుంచి వస్తుందో లెక్కేసి తయారు చేశారు. అందులో ఎల్‌ఈడీ పెడితే వెలుగు వచ్చే చోటు మారిపోయి, కాంతి పైకీ పక్కకీ చిందుతుంది. మంచు బిందువులు ఆ కాంతినే మన కళ్లలోకి తిప్పికొడతాయి. 100/90 వాట్ల బల్బులు ఇంకో దారి. మామూలు 60/55 కోసం వేసిన వైర్లు, హోల్డర్లు ఆ వేడికి కరుగుతాయి, రూల్స్ కూడా ఒప్పుకోవు.

వీటికంటే మేలైంది, చవకైంది హెడ్‌లైట్ అద్దాన్ని పాలిష్ పట్టించడం. పదేళ్ల ఎండకి ఆ ప్లాస్టిక్ పసుపెక్కి, సగం వెలుగు లోపలే ఆగిపోతుంది. పని చేసే కుర్రాడు లైటు చుట్టూ టేపు వేసి, నీళ్లు చల్లుతూ ముందు 800 నంబరు ఉప్పుకాగితంతో రుద్దుతాడు. పసుపు కలిసిన పాలలాంటి నీళ్లు బంపరు మీదుగా కారతాయి. అద్దం ముందుకంటే ఇంకా మసకబారి, పాడు చేశాడేమో అనిపిస్తుంది. 1500, 2000 నంబర్లు అయ్యాక కాంపౌండు పూసి మెషీన్ తిప్పితే లోపలి బల్బు స్పష్టంగా కనిపిస్తుంది. అంతటితో వదిలేయొద్దు. పైన ఎండని తట్టుకునే యూవీ కోటింగ్ వేయించకపోతే కొద్ది నెలల్లోనే మళ్లీ పసుపెక్కుతుంది. ఆ తర్వాత మంచి కంపెనీ హాలోజెన్ బల్బులు కొత్తవి వేసి, గోడ ముందు బండి నిలిపి వెలుగు ఎత్తు సరిచేయించండి.

పసుపు ఫాగ్ లైట్ల మీద రెండు మాటలు. పసుపు కాంతి మంచుని చీల్చుకుపోతుందని అందరూ అంటారు. మంచు బిందువులు కాంతి తరంగాల కంటే చాలా పెద్దవి, వాటికి తెలుపైనా పసుపైనా దాదాపు ఒకటే. పసుపుతో కళ్లకు కాస్త హాయి, అంతే. ఫాగ్ లైటు పనిచేసేది అది బంపరులో కిందుగా ఉండి, వెడల్పుగా, పైకి చిందకుండా రోడ్డు అంచుని చూపించడం వల్ల. కాబట్టి కంపెనీ ఇచ్చిన ఫాగ్ లైట్లు బాగు చేయించుకుంటే చాలు. బానెట్ పైన పెట్టే లైట్ బార్ మంచులో ఎందుకూ పనికిరాదు. హై బీమ్ కూడా అంతే.

లైట్ల తర్వాత అద్దం. లోపల ఐదుగురు ఊపిరి తీస్తుంటే చల్లటి విండ్‌షీల్డ్ లోపలి వైపు ఆవిరి పట్టేస్తుంది. చాలామంది గుడ్డ తీసుకుని తుడుస్తూ నడుపుతారు, ప్రమాదం. గాలిని అద్దం మీదికి తిప్పి, బయటి గాలి వచ్చేలా పెట్టి, ఏసీ వేసి, నాబ్‌ని వేడి వైపు తిప్పండి. ఏసీ తేమని లాగేస్తుంది, వేడి అద్దాన్ని ఆరబెడుతుంది. అర నిమిషం, నిమిషంలో తేటపడుతుంది. దీనికి హీటర్ పనిచేయాలి. దక్షిణాది పాత బండ్లలో హీటర్ కోర్ (లోపలి గాలిని వేడిచేసే చిన్న రేడియేటర్) లీకైతే చాలామంది మెకానిక్కులు దాన్ని తప్పించేస్తారు. బొమ్మనహళ్లి దగ్గర మదనపల్లె మెకానిక్ ఒకతన్ని అడిగితే, “మన బెంగళూర్లో హీటర్ ఎవురేస్తారన్నా? లీకైతే పైపు మడిచి కలిపేస్తాం” అన్నాడు మామూలుగా. బానెట్ ఎత్తి, ఇంజన్ వెనక గోడలోకి పోవాల్సిన రెండు రబ్బరు పైపుల చోట ఒకే పైపు యూ ఆకారంలో వంగి కనిపిస్తే మీ బండిలో హీటర్ లేనట్టే. ఇంజన్ వేడెక్కాక నాబ్ ఎర్ర వైపు తిప్పి చెయ్యి పెట్టి చూడండి. ముందు సీటు కింద కార్పెట్ తడిగా, తియ్యటి వాసనతో ఉంటే కోర్ కారుతోంది. ఈ పరీక్ష రెండు బండ్లకూ చేయాలి. ఇంజన్‌ని చల్లబరిచే కూలెంట్ బదులు వట్టి నీళ్లు పోసిన బండికి లోపలంతా తుప్పే. ఫ్లష్ చేయించి నీళ్లతో సగానికి సగం కలిపిన కూలెంట్ పోయించండి.

టైర్లలో తర్జనభర్జన అక్కర్లేదు. పక్కన నాలుగంకెల కోడ్ చదవండి. 2319 అంటే 2019లో 23వ వారం తయారీ. ఆరేళ్లు దాటితే టైరు మీది గాడులు కనిపిస్తున్నా రబ్బరు గట్టిపడి తడి రోడ్డు మీద జారుతుంది. డస్టర్‌కి 215/65 ఆర్16, 2014 తర్వాతి స్కార్పియో చాలా వేరియంట్లకి 235/65 ఆర్17. స్కార్పియోది పెద్ద సైజు, ఖర్చూ ఎక్కువే. దృఢంగా కనిపిస్తాయని ఆల్ టెర్రెయిన్ (మట్టిదారికీ పనికొచ్చే) టైర్లు వేయించుకుంటారు. హైవే టైర్లే తారు మీద మేలు, చప్పుడూ తక్కువ. ఉష్ణోగ్రత పది డిగ్రీలు తగ్గితే గాలి రెండు పీఎస్‌ఐ దాకా తగ్గుతుంది, కాబట్టి బయల్దేరే ముందు చల్లటి టైర్లలోనే గాలి చూసుకోండి.

బ్యాటరీకి మల్టీమీటరు చాలు. రాత్రంతా నిలిపి ఉంచిన బండిలో 12.6 వోల్టులు ఉంటే మంచిది, 12.2 కంటే తగ్గితే ఛార్జ్ చేయించి చూసి, అప్పటికీ నిలవకపోతే మార్చేయండి. పొద్దున్నే స్టార్ట్ చేస్తే తెల్ల పొగతో దడదడలాడితే, చల్లటి డీజిల్ ఇంజన్‌ని ముందుగా వేడిచేసే గ్లో ప్లగ్గులు చూపించండి. కీ సగం తిప్పి, డ్యాష్‌బోర్డులో స్ప్రింగు గుర్తు ఆరిన తర్వాతే స్టార్ట్ చేయడం అలవాటు చేసుకోండి.

చవగ్గా వస్తోందని ఢిల్లీ నంబరు బండి చూసేవాళ్లకి ఒక మాట. అక్కడ పాత డీజిల్ బండ్ల ఆంక్షల భయంతో తక్కువకే అమ్ముకుంటారు. కానీ వేరే రాష్ట్రం బండి 12 నెలలు దాటి ఇక్కడ ఉంటే కర్ణాటక రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి. ఫారం 28తో అక్కడి ఆర్టీవో నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) తెచ్చుకోవాలి, ఇక్కడి జీవితకాల పన్ను కట్టాలి. ఆ పన్నుతో చవకంతా కరిగిపోతుంది. చిత్తూరు, అనంతపురం నుంచి తెచ్చుకునే ఏపీ నంబరు బండ్లకూ ఇదే వర్తిస్తుంది. 15 ఏళ్లకు దగ్గర పడిన స్కార్పియో అయితే ఫిట్‌నెస్, రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఖర్చులు కూడా లెక్కేసుకోండి. కేఏ (కర్ణాటక) నంబరు బండి కొన్నా 29, 30 ఫారాలు పెట్టి ఆర్‌సీ మార్పించుకోవాలి, 14 రోజుల్లోపు బీమా మీ పేరుకు మార్చమని అర్జీ ఇవ్వాలి. సంక్రాంతికి ఊరెళ్లాలంటే నవంబరు మొదట్లోనే బండి తీసుకోండి. డిసెంబరు నెలాఖరుకి గ్యారేజీలన్నీ నిండిపోతాయి, బెల్టు పని తొందరపెట్టి చేయించుకునేది కాదు.