విండోస్ 10 మీదే విండోస్ 11: ఫార్మాట్ జోలికి పోలేదు

విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో సపోర్ట్ అయిపోయింది. అంతమాత్రాన కంప్యూటర్ ఆగిపోదు, సెక్యూరిటీ అప్‌డేట్లు ఆగుతాయి. ఈఎస్‌యూ అనే పొడిగింపు పథకంలో చేరితే ఇళ్లలో వాడుకునేవాళ్లకు 2026 అక్టోబర్ 13 దాకా అప్‌డేట్లు వస్తాయి. ఎలాగూ మారక తప్పదు, ఇంకో ఏడాది లాగడం ఎందుకని నేను విండోస్ 11కే వెళ్లాను.

ముందు మీ కంప్యూటర్ విండోస్ 11కి సరిపోతుందో లేదో చెప్పే మైక్రోసాఫ్ట్ యాప్ పీసీ హెల్త్ చెక్ పెట్టి చూడండి. నా ల్యాప్‌టాప్‌కి ఎర్ర గుర్తు వచ్చింది: టీపీఎమ్ 2.0 (సెక్యూరిటీ కీలను భద్రంగా దాచే సదుపాయం) లేదట. నిజానికి ఆ సదుపాయం ఉంది, బయోస్‌లో (విండోస్ కంటే ముందే నడిచే సెటప్‌లో) ఆఫ్‌లో ఉందంతే. ఇంటెల్ మెషీన్లలో దాన్ని పీటీటీ అంటారు, ఏఎమ్‌డీలో ఎఫ్‌టీపీఎమ్. ఆన్ చేశాక అదే యాప్ పచ్చజెండా ఊపింది. కాబట్టి ఎర్ర గుర్తు చూడగానే కొత్త ల్యాప్‌టాప్ కొనేయకండి. బయోస్ ముట్టుకునే ముందు బిట్‌లాకర్ (డిస్క్‌కి తాళం వేసే విండోస్ ఫీచర్) రికవరీ కీ మాత్రం కాగితం మీద రాసి పెట్టుకోండి. అది లేక డిస్క్ లాక్ అయితే ఆ టెన్షన్ పగవాడికి కూడా వద్దు.

ఇక అసలు తర్జనభర్జన: డిస్క్ మొత్తం తుడిచేసి కొత్తగా వేయాలా, ఉన్నదాని మీదే వేయాలా? అడిగిన ప్రతివాళ్లూ ‘క్లీన్ ఇన్‌స్టాల్’ అనే అంటారు. వాళ్లకేం, చెప్పి వెళ్లిపోతారు. నా దగ్గర పాత లెక్కల ప్రోగ్రామ్ ఒకటుంది, దాని సెటప్ ఫైల్ ఇప్పుడు ఎక్కడా దొరకదు. స్కానర్ డ్రైవర్‌దీ అదే కథ. తుడిచేస్తే ఆ రెండూ పోయినట్టే. అందుకే ఉన్నదాని మీదే వేశాను. ఫైళ్లు, యాప్‌లు అలాగే ఉంచాలా అని సెటప్ అడిగే స్క్రీన్ ఒకటి వస్తుంది. అక్కడ తొందరపడి నెక్స్ట్ కొట్టకుండా ఏది టిక్ అయి ఉందో చదవండి. నా ప్రోగ్రామ్, స్కానర్ రెండూ ఎప్పటిలాగే పనిచేస్తున్నాయి.

నచ్చకపోతే వెనక్కి వెళ్లడానికి 10 రోజుల గడువుంటుంది. పాత సిస్టమ్ విండోస్.ఓల్డ్ అనే ఫోల్డర్‌లో ఉంటుంది. జాగా తినేస్తోందని దాన్ని వెంటనే డిలీట్ చేస్తే వెనక్కి దారి మూసుకుపోయినట్టే. అది ఉంది కదా అని బ్యాకప్ మానేయకండి. ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌లో కాపీ చేసి, అక్కడి నుంచి రెండు మూడు ఫైళ్లు తెరిచి చూశాకే అప్‌గ్రేడ్ మొదలుపెట్టాలి.

వాడకంలో పెద్ద తేడా లేదు. స్టార్ట్ బటన్ మధ్యలోకి వచ్చింది, సెటింగ్స్‌లో ఎడమకి జరుపుకోవచ్చు. రైట్ క్లిక్ మెనూని కుదించేయడం మాత్రం నాకు నచ్చలేదు. షిఫ్ట్ నొక్కిపట్టి రైట్ క్లిక్ చేస్తే పాత మెనూ వస్తుంది. నా చెయ్యి దానికి అలవాటు పడిపోయింది. మొత్తానికి ఐదుకి నాలుగు ఇస్తాను.

పాత ప్రోగ్రామ్‌ల బెడద లేనివాళ్లు, సిస్టమ్ ఇప్పటికే నత్తనడక నడుస్తున్నవాళ్లు మాత్రం శుభ్రంగా తుడిచి వేసుకోవడమే మేలు. చెత్తంతా కొత్త ఇంట్లోకి మోసుకెళ్లడం దేనికి?

ఇంటెల్ 8వ తరం కంటే పాత ప్రాసెసర్లు చాలావరకు అర్హుల జాబితాలో లేవు. అడ్డదారిలో ఎక్కించే చిట్కాలున్నాయి కానీ, అలా వేసుకున్నవాటికి అప్‌డేట్ల హామీ లేదని మైక్రోసాఫ్టే చెబుతోంది. అలాంటి మెషీన్‌కి నేనైతే విండోస్ బదులు వాడుకునే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ లైనక్స్ మింట్ చూస్తాను. డిస్క్‌ని ముట్టుకోకుండా పెన్‌డ్రైవ్ నుంచే నడుస్తుంది. వైఫై, సౌండ్, ప్రింటర్ అందులో పనిచేస్తున్నాయో లేదో తేల్చుకున్నాకే ఇన్‌స్టాల్ నొక్కండి.