పేల్ సెయింట్స్: ముందు ఏ ఆల్బమ్ వినాలి?

తిరుపతిలో షూగేజ్ అనే, గిటార్ల హోరుతో సాగే రాక్ సంగీతం వినే కుర్రకారు కొద్దిమందే. వారిలోనూ ఎక్కువమంది మై బ్లడీ వాలెంటైన్, స్లోడైవ్ లాంటి పేరున్న బృందాల దగ్గరే ఆగిపోతారు. ఇంగ్లండ్‌లోని లీడ్స్ నగరంలో 1987లో మొదలైన పేల్ సెయింట్స్ బృందం దాకా వచ్చినవారికి ఒక సందేహం తప్పదు: 1990లో వచ్చిన తొలి ఆల్బమ్ ‘ద కంఫర్ట్స్ ఆఫ్ మ్యాడ్‌నెస్’ ముందు వినాలా, 1992 నాటి ‘ఇన్ రిబ్బన్స్’ వినాలా?

తొలి ఆల్బమ్ నాటికి బృందంలో ఉన్నది ముగ్గురే: బేస్ గిటార్ వాయిస్తూ పాడే ఇయాన్ మాస్టర్స్, గిటారిస్టు గ్రేమ్ నేస్మిత్, డ్రమ్మర్ క్రిస్ కూపర్. ఈ కోవకు చెందిన బృందాలు చాలావరకు గొంతును గిటార్ల హోరులో కలిపేస్తే, వీరు మాత్రం హోరును కిందనే ఉంచి, బాలుడి గొంతంత సన్నగా, ఏ ఉద్వేగమూ బయటపడనీయకుండా పాడే మాస్టర్స్ స్వరాన్ని దాని పైన నిలబెట్టారు. కోపం, అసూయ పలికే మాటలు కూడా ఆ గొంతులో అమాయకంగా వినిపిస్తాయి. నన్ను కట్టిపడేసింది ఆ పొంతన లేనితనమే. పైగా ఒక పాటకూ మరో పాటకూ మధ్య నిశ్శబ్దానికి బదులు గిటార్ ఫీడ్‌బ్యాక్ (స్పీకర్ శబ్దం తిరిగి గిటార్‌లోకి చేరి పుట్టే రొద), డ్రమ్స్ కలిసిన చిన్న చిన్న వాద్యభాగాలు వస్తాయి. మహతి ఆడిటోరియం కచేరీలో తంబురా శ్రుతి ఆగకుండానే గాయకుడు మరో కీర్తన అందుకున్నట్టు, ఇక్కడ పాట ఎక్కడ ముగిసిందో తెలియకముందే తర్వాతిది మొదలవుతుంది. గిల్ నార్టన్, జాన్ ఫ్రయర్ అనే ఇద్దరు నిర్మాతలు పని పంచుకున్నా అతుకు కనబడకపోవడం విశేషమే. షఫుల్‌లో పెట్టి వింటే మాత్రం ఇదంతా మట్టిపాలవుతుంది.

‘ఇన్ రిబ్బన్స్’ నాటికి, అంతకుముందు లష్ బృందంలో పాడిన మెరియల్ బార్హమ్ వచ్చి చేరారు. హ్యూ జోన్స్ నిర్మాణంలో గిటార్లు పొరలు పొరలుగా, స్పష్టంగా వినిపిస్తాయి. ఏ పాటకా పాట విడిగా నిలబడుతుంది. బార్హమ్ పాడిన ‘థ్రెడ్ ఆఫ్ లైట్’ కలలా తేలిపోయే డ్రీమ్ పాప్ సంగీతం ఇష్టపడేవారికి వెంటనే పట్టుబడుతుంది. చిత్తూరు బస్సులో ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటే చంద్రగిరి దాటకముందే ఇంజను మోత తొలి ఆల్బమ్‌లోని సన్నని భాగాలను మింగేస్తుంది గానీ, దీనికి అంత నష్టం జరగదు.

అలవాటు లేని చెవికి రెండోదే సులువు. అయినా నా ఓటు తొలిదానికే, ఎందుకంటే రెండోదానిలోని అందం, ఈ ఆల్బమ్‌లను తెచ్చిన 4ఏడీ అనే రికార్డు సంస్థ విడుదల చేసిన ఇతర బృందాల రికార్డుల్లోనూ కొంత దొరుకుతుంది. మొదటిదానిలోని ఆ తెంపులేని నడక నాకు మరెక్కడా దొరకలేదు. రాత్రి పూట, గదిలో, ఆపకుండా వినే వీలుంటే దానితోనే మొదలుపెట్టండి. మాస్టర్స్ తప్పుకున్నాక 1994లో వచ్చిన ‘స్లో బిల్డింగ్స్’ సంగతి వేరు. బార్హమ్ గొంతు నచ్చినవారు ‘ఇన్ రిబ్బన్స్’ తర్వాత దాన్ని అందుకోవచ్చు.